వేలు లేనిది

వూచ్ అంటే మా భాషలో పడవ.
ఊళ్లో నది మాత్రం కనిపించదు.
ఉన్న ఏరుల్ని మిల్లుల కాలంలోనే
రోడ్ల కిందికి తోసేశారు.
ఆ మిల్లుల్లో ఒకదాని మూడో అంతస్తులో,
ఎర్ర ఇటుకల మధ్య, రాత్రి షిఫ్టులో
నలభై ఫోన్లను గూళ్లలో నిలబెట్టి
తాకడం నేర్పిస్తుంటాను.

తాకడమంటే ఏం లేదు.
అడ్డం ఐదువందల నలభై,
నిలువు పదకొండువందల డెబ్భై రెండు,
అక్కడ అరవై మిల్లీసెకన్లు.
నొక్కి పట్టడమంటే అర సెకను.
తోయడమంటే ఒకచోట మొదలై
ఇంకోచోట ముగిసే గీత.
మధ్యలో వేలు ఏమనుకుందో
రాయడానికి గడి లేదు.

మొదట్లో ప్రతి అడుగూ నేనే రాసిచ్చేదాన్ని.
బటన్ ఓ అంగుళం పక్కకి జరిగితే చాలు,
స్క్రిప్టు గుడ్డిదై గోడని పొడిచేది.
ఇప్పుడు ఏజెంట్ వచ్చింది.
తెర చూస్తుంది, చదువుతుంది, తనే తేల్చుకుంటుంది.
చిన్నపిల్లకి చెప్పినట్టు మాటల్లో చెబితే చాలు:
"అడ్డొచ్చిన కిటికీలు మూసెయ్.
సగంలో ఆగినవి కనిపిస్తే పూర్తి చెయ్."

ఆ రెండో వాక్యం నాదే.
రాసిన రోజున ఎంత ముచ్చటేసిందో.

గురువారం. బయట మంచూ కాదు, వానా కాదు,
రెండిటికీ మధ్య ఏదో జారుతోంది.
నా ఫోన్లో చార్జి అయిపోయింది.
ఇరవై మూడో గూడు ఖాళీ.
తీగ గుచ్చి కాఫీకి వెళ్లాను.
ఈ పనిలో ఉన్నదాన్ని కదా,
నా ఫోన్ తలుపులు ఎప్పుడూ తీసే ఉంటాయి.

తిరిగొచ్చేసరికి లాగ్‌లో ఇలా ఉంది:

గూడు ఇరవై మూడు. సందేశాలు తెరిచాను.
పంపని సందేశం ఒకటి. దోబ్రావా పేరు మీద.
ఎనిమిది నెలల నాటిది.
నీలం బాణం కనిపించింది. నొక్కాను.
అరవై రెండు మిల్లీసెకన్లు.
పని పూర్తయింది.

దోబ్రావా మా అక్క.
ష్చెచిన్‌లో ఉంటుంది, ఐదు గంటల రైలు.
మా తగువు వింటే నవ్వుతారు.
అమ్మ కుట్టుమిషను.
అదెవరిదన్న దగ్గర మొదలై
ఆసుపత్రికి ఎవరెన్నిసార్లు వచ్చారన్న దాకా పోయింది.
సందేశంలో ఉన్నవి ఆరే మాటలు:
మిషను నీ దగ్గరే ఉండనీ. నువ్వు రా.
ఎన్ని రాత్రులు నా బొటనవేలు
ఆ బాణం అంచుదాకా వెళ్లి
చేతులు రాక వెనక్కొచ్చిందో
ఏ లాగ్‌లోనూ లేదు.

వేలే లేనిది వచ్చి
మా ఇంటి గొడవలో వేలు పెట్టింది.

తిట్టాలంటే ఎవర్ని తిట్టను?
చెప్పింది చేసింది.
చెప్పింది నేను.

అప్పుడే బకెట్టు ఈడ్చుకుంటూ జెనోబియా వచ్చింది.
ఒకప్పుడు ఇదే అంతస్తులో మగ్గాలు నడిపిన మనిషి,
ఇప్పుడు ఇదే నేల తుడుస్తుంది.
అంతా విని, నవ్వలేదు. ఒక్కటే అడిగింది:
"పోగు తెగితే మా మగ్గం తనంతట తనే ఆగేది.
మీ దానికి ఆగడం నేర్పలేదా?"
ఆగితే మేం వెళ్లి అతికేవాళ్లమంటూ
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
లేని దారానికి గాల్లోనే ముడివేసింది.
ఎక్కడ మొదలైందో నాకు కనపడలేదు.
నలభై ఏళ్లుగా పోగు పట్టని వేళ్లు.

తెర వెలిగింది.
దోబ్రావా పేరు కింద మూడు చుక్కలు.
ఆడాయి. ఆగాయి. పోయాయి.
రాత్రి రెండున్నర.
అదీ నిద్రపోదన్నమాట.
మళ్లీ చుక్కలు.
అక్కడ కూడా ఏదో సగంలో ఆగింది.

ఏజెంట్ చూసేలోపు
గూట్లోంచి తీగ లాగేశాను.
ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను,
వేడిగా ఉంది.
జెనోబియా కర్రకి గడ్డం ఆనించి
నా భుజం మీదుగా తొంగి చూస్తోంది.

చుక్కలు పోయాయి.

"ఉండు," అంది జెనోబియా,
నాతోనో, దానితోనో.